ఫ్లూ టీకా మీద బాపు అనుమానం: సూరత్ చెప్పిన చరిత్ర

అశోక్‌నగర్ రీడింగ్ రూముల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఒకరు దగ్గితే వారంలోగా గది అంతా దగ్గుతుంది. ఓ వానాకాలం నాకు జ్వరం పట్టుకుని పదకొండు రోజులు పుస్తకం ముట్టనివ్వలేదు. ప్రిలిమ్స్ గట్టెక్కి మెయిన్స్‌కు లెక్కపెట్టుకుంటూ చదివే రోజుల్లో పదకొండు రోజులంటే ఎంతో మీకు తెలుసు. మరుసటి ఏడు వానలు మొదలు కాకముందే ఫ్లూ టీకా వేయించుకోవాలని అనుకున్నాను. దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్లి ధర అడిగితే రెండు వేలకు కాస్త తక్కువ చెప్పారు. టెస్ట్ సిరీస్ ఫీజులో సగం. కుర్చీలో కూర్చున్నాక నర్సమ్మ "ఏ చేతికి వేయమంటారు?" అంది. ఎడమ చెయ్యి చూపించాను, కుడి చేత్తో జవాబులు రాసుకోవాలి కదా. సూది దిగేదాకా మనసులో ఒకటే గోల: ఇది నిజంగా పనిచేస్తుందా? ఇదే జ్వరం తెచ్చిపెడితే? రెండు వేలు నీళ్లపాలేనా?

రెండు రోజులు చెయ్యి సలిపింది, ఒక సాయంత్రం ఒళ్లు వెచ్చబడింది. మూడు వారాల తర్వాత మామూలు జలుబు చేసింది. "టీకా వేసుకున్నా వచ్చిందిగా!" అని రూమ్మేట్ నవ్వాడు. నాకు సమాధానం దొరకలేదు.

అప్పుడే సూరత్‌లో ఉన్న బాపుకు ఫోన్ చేశాను. మాది సిరిసిల్ల దగ్గరి పల్లె. బాపు ముప్పై అయిదేళ్లకు పైగా సూరత్ లింబాయత్‌లో సాంచెల మీద పనిచేశాడు. అరవై దాటాయి, దగ్గు ఉంది, ఇప్పటికీ రోజుకు కొన్ని గంటలు సాంచె దగ్గర నిలబడతాడు. "నువ్వు కూడా ఫ్లూ టీకా వేయించుకో బాపూ" అన్నాను.

"పేలేగొచ్చిన ఏడు ఎవలన్న సూదిచ్చిండ్రా బిడ్డా? సర్కారోళ్లు చెప్పేలోపల డాక్టర్లే ఉరికిండ్రు. అప్పుడు రానోళ్లు గిప్పుడు జలుబుకు సూది ఇస్తమంటే నేన్నమ్మాల్నా?"

ఈ వ్యాసం ఆ మాట నుంచి పుట్టింది. టీకాల మీద సందేహం అనగానే మనం నోట్సులో "నిరక్షరాస్యత, మూఢనమ్మకాలు, పుకార్లు" అని మూడు బులెట్లు రాసేసి ముందుకు పోతాం. నేనూ అలాగే రాశాను. కానీ బాపు చెప్పినదాంట్లో మూఢనమ్మకం ఎక్కడుంది? ఆయన మందును అనుమానించడం లేదు. మందు ఇచ్చే చేతిని అనుమానిస్తున్నాడు. ఆ తేడా పట్టుకుని వెనక్కి వెళ్తే, మన సిలబస్‌లో విడివిడిగా పడి ఉన్న చాలా విషయాలు ఒక దారానికి వస్తాయి.

ముందు 1994 సంగతి చూద్దాం. ఆ ఏడు వానాకాలంలో తాపీ నదికి వరద వచ్చి సూరత్ లోతట్టు ప్రాంతాలు మునిగాయి. నీరు తీసేశాక బురద, చచ్చిన పశువులు, చెత్త మిగిలాయి. సెప్టెంబరు మూడో వారంలో వేడ్ రోడ్డు, కతార్‌గామ్ వైపు కార్మిక వాడల్లో మనుషులు తీవ్రమైన జ్వరం, దగ్గు, నెత్తుటి కళ్లెతో ఆసుపత్రికి చేరి ఒకటి రెండు రోజుల్లో చనిపోవడం మొదలైంది. ఊపిరితిత్తుల ప్లేగు అన్న మాట బయటికి పొక్కింది. దేశంలో 1966 తర్వాత ప్లేగు కేసు నమోదు కాలేదు. అందుకే చాలామంది వైద్యులకు అది పుస్తకంలో చదివిన జబ్బే తప్ప కళ్లతో చూసింది కాదు. అంతకు కొన్ని వారాల ముందే మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో గడ్డల ప్లేగు బయటపడింది.

తర్వాత జరిగింది వైద్య చరిత్రలోనే కాదు, పాలనా చరిత్రలోనూ ఒక పాఠం. కొద్ది రోజుల్లో లక్షల మంది ఊరు విడిచారు. అంచనాలు మూడు లక్షల దగ్గర మొదలై పైకి పోతాయి. వెళ్లినవాళ్లలో ప్రైవేటు వైద్యులూ, మందుల షాపులవాళ్లూ చాలామంది ఉన్నారు. టెట్రాసైక్లిన్ గోలీలు బజారులో మాయమయ్యాయి. దొరికినవాళ్లు జబ్బు ఉన్నా లేకున్నా మింగారు. సూరత్‌లో చనిపోయినవాళ్లు యాభైకి పైన. సంఖ్య చిన్నదే. దేశానికి జరిగిన నష్టం మాత్రం చిన్నది కాదు. విమానాలు ఆగిపోయాయి, ఎగుమతులు నిలిచిపోయాయి. మొత్తం నష్టం దాదాపు 170 కోట్ల డాలర్లని ఒక అంచనా.

మా ఇంట్లోవాళ్లు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో నిలబడి వరంగల్ దాకా వచ్చారు. స్టేషన్‌లో ఎవరో నాడి చూసి, చేతిలో గోలీలు పెట్టి పంపారట. ఊళ్లో మాత్రం పది రోజులు ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. మంచినీళ్ల బిందె వాకిట్లో పెట్టి వెళ్లిపోయేవాళ్లు. బాపు ఆ గోలీలు కోర్సు పూర్తయ్యేదాకా మింగాడు. ఇది గమనించండి: మందు వద్దనలేదు. అడక్కుండానే మింగాడు. టీకాల మీద నమ్మకం లేని మనిషి అలా చేయడు.

మరి 1994లో టీకా ఎందుకు వేయలేదు? ఇది మీరు ఆలోచించాల్సిన ప్రశ్న. చంపిన బ్యాక్టీరియాతో చేసే పాత ప్లేగు టీకా ఉంది. కానీ అది గడ్డల ప్లేగుకు పనికొచ్చినట్టు ఊపిరితిత్తుల ప్లేగుకు పనికిరాదు. పైగా రక్షణ రావడానికి రోజులు పడుతుంది. చెలరేగిన జబ్బు ముందు యాంటీబయాటిక్కే సరైన ఆయుధం. అంటే టీకా ఇవ్వకపోవడం నిర్లక్ష్యం కాదు, సరైన నిర్ణయం. కానీ ఆ మాట లింబాయత్‌లో, ఉధ్నాలో మరమగ్గాల దగ్గర పనిచేసే తెలుగువాళ్లకు, ఒడియావాళ్లకు, మరాఠీవాళ్లకు వాళ్ల భాషలో ఎవరు చెప్పారు? ముప్పై ఏళ్ల తర్వాత కూడా బాపుకు "ఎవరూ సూది ఇవ్వలేదు" అనే గుర్తుంది.

ఇక్కడ రెండు తెలుగు పేర్లు గుర్తుపెట్టుకోండి. ఆ జబ్బు నిజంగా ప్లేగేనా అన్న వివాదం చెలరేగినప్పుడు కేంద్రం వేసిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఎయిమ్స్‌కూ తర్వాత ఐసీఎంఆర్‌కూ సారథ్యం వహించిన మనిషి. ఆ తర్వాతి ఏళ్లలో జరిగిన జన్యు పరీక్షలు కూడా అది ప్లేగు బ్యాక్టీరియానే అని చూపాయి. రెండో పేరు సూర్యదేవర రామచంద్రరావు. 1995 మేలో సూరత్ మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు ఆయనే. ఆయన గురించి తర్వాత చెప్తాను. ఆయన చేసింది అర్థం కావాలంటే ముందు ఒక వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వీగాస్ ప్లేగును గుర్తించాడు. కలరా టీకా చేసి అప్పటికే పేరు తెచ్చుకున్న వాల్డెమార్ హాఫ్కిన్‌ను ప్రభుత్వం బొంబాయికి పిలిపించింది. ఆయన గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక గదిలో పని మొదలుపెట్టి, 1897 జనవరి 10న తన టీకాను తన ఒంటికే పొడిపించుకున్నాడు. మరుసటి నెలలోనే ఎపిడెమిక్ డిసీజెస్ చట్టం వచ్చింది. ఇళ్లలోకి చొరబడి సోదాలు, స్త్రీలను స్టేషన్లలో పరీక్షించడం, బలవంతంగా ఆసుపత్రికి తరలించడం జరిగాయి. 1897 జూన్ 22న పుణెలో చాపేకర్ సోదరులు ర్యాండ్‌ను కాల్చడం మనకు ఆధునిక భారత చరిత్ర నోట్సులో "విప్లవోద్యమం" కింద ఉంటుంది. ప్రజారోగ్యం కింద కూడా రాసుకోండి. మెయిన్స్‌లో పనికొస్తుంది.

ఆ రోజుల పుకార్లలో ఒకటి, ఆసుపత్రికి తీసుకెళ్లి మనుషుల ఒంట్లోంచి మందు తీస్తారని. వినడానికి మూర్ఖంగా ఉంది. కానీ సిపాయి తుపాకీతో వచ్చి ఇంట్లో మనిషిని ఎత్తుకుపోయి, ఆ మనిషి శవంగా కూడా తిరిగి రాకపోతే ఆ ఇల్లు ఏమనుకోవాలి? బలవంతం ఎక్కడుంటే పుకారు అక్కడికి వస్తుంది. అదే బొంబాయిలో ఆగాఖాన్ సుల్తాన్ మహమ్మద్ షా ఏం చేశాడో చూడండి. తన అనుచరుల ముందు కూర్చుని అందరూ చూస్తుండగా టీకా వేయించుకున్నాడు. ఒక్కసారి కాదు, పదేపదే. ఇస్మాయిలీలు ముందుకొచ్చారు.

ఇప్పుడు సూరత్‌కు దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న డామన్‌కు రండి. అప్పుడది పోర్చుగీసువారిది. 1897లో అక్కడ ప్లేగు చెలరేగింది. హాఫ్కిన్ ఇచ్చిన లెక్క ప్రకారం 8,230 మంది జనాభాలో 2,197 మంది టీకా వేయించుకున్నారు. వాళ్లలో 36 మంది చనిపోయారు. వేయించుకోని 6,033 మందిలో చనిపోయింది 1,482 మంది. అంటే ఒక వైపు నూటికి ఇద్దరు కూడా లేరు, మరో వైపు నూటికి దాదాపు పాతిక.

ఈ అంకెలు చూసి వెంటనే చప్పట్లు కొట్టకండి. ఒక్క నిమిషం అనుమానించండి. టీకా వేయించుకున్నవాళ్లు ఎవరు? మంచి ఇళ్లలో ఉండేవాళ్లా? ఎలుకలు తక్కువున్న వీధులవాళ్లా? అప్పటికే జబ్బుపడ్డవాళ్లు టీకాకు రాలేదేమో కదా? అలాగైతే తేడా టీకాది కాదు, మనుషులది. ఈ అనుమానం హాఫ్కిన్‌కే వచ్చింది. అందుకే 1898 ఫిబ్రవరిలో బరోడా సంస్థానంలోని ఉంధేరా అనే పల్లెలో వేరే పద్ధతి పట్టాడు. ప్రతి కుటుంబాన్నీ వరుసలో నిలబెట్టి, ఒకే ఇంట్లో సగం మందికి టీకా వేసి సగం మందిని వదిలేశారు. ఒకే కప్పు, ఒకే ఎలుకలు, ఒకే తిండి. టీకా పడిన 71 మందిలో 8 మందికి ప్లేగు వచ్చి ముగ్గురు చనిపోయారు. పడని 64 మందిలో 27 మందికి వచ్చి 26 మంది చనిపోయారు.

నేను ఎన్నో పుస్తకాలు తిరగేశాను గానీ, అనుమానం శాస్త్రానికి ఎలా మేలు చేస్తుందో చెప్పడానికి ఉంధేరాను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. అక్కడ వదిలేసిన సగం మంది సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఈ రోజు ఏ నైతిక సంఘమూ దాన్ని అలా అనుమతించదు. ఎథిక్స్ పేపర్‌కు చదివేవాళ్లు దాని మీద ఒక పేజీ రాసి చూడండి.

అయిదేళ్లు తిరగకుండానే ఆ నమ్మకమంతా ఒక సీసాలో మునిగింది. 1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని మల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేశారు. అందులో ఒకే సీసా నుంచి మందు పడిన 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్కిన్ ప్రయోగశాల మీద పడింది. ఆయన్ను పదవి నుంచి పక్కన పెట్టారు. విచారణలో బయటపడ్డ విషయం ఏమిటంటే, సీసా మూత తీసే పటకారు నేల మీద పడింది, దాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండానే వాడారు. మిగతా సీసాల మందు తీసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. అయినా రొనాల్డ్ రాస్ లాంటి శాస్త్రవేత్తలు 1907లో లండన్ టైమ్స్ పత్రికకు లేఖ రాసి పోరాడితే గాని హాఫ్కిన్ మీది మచ్చ పోలేదు. ఆయన తిరిగి వచ్చింది కూడా బొంబాయికి కాదు, కలకత్తాకు. ఆయన స్థాపించిన ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టింది 1925లో.

అయిదేళ్లు! నిజం తేలడానికి పట్టిన కాలం అది. ఆ అయిదేళ్లలో పంజాబ్‌లో ప్లేగు లక్షల మందిని తీసుకుపోయింది. 19 మరణాలు దాచేస్తే తప్పు. 19 మరణాల కారణం చెప్పకుండా అయిదేళ్లు నాన్చినా తప్పే. ప్రజలు "టీకా చంపింది" అని గుర్తుపెట్టుకున్నారు. "పటకారు నేల మీద పడింది" అని వాళ్ల దాకా చేరనే లేదు.

ఫ్లూ దగ్గరికి వద్దాం. 1918 చివరి నెలల్లో ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో ఎంతమందిని చంపిందో సరైన లెక్క లేదు. అంచనాలు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఉన్నాయి. 1911లో 25.2 కోట్లున్న జనాభా 1921 నాటికి 25.1 కోట్లకు తగ్గింది. భూగోళంలో 1921ని "మహా విభాజక సంవత్సరం" అని బట్టీ పట్టేటప్పుడు ఆ తగ్గుదలలో ఈ జ్వరం ఉందని గుర్తుంచుకోండి. సూరత్‌లో ఆ రోజుల్లో కల్యాణ్‌జీ మెహతా, కున్వర్‌జీ మెహతా, దయాళ్‌జీ దేశాయి ఆశ్రమాలు నడుపుతూ విద్యార్థుల చేత ఊళ్లకు మందులు పంచిపెట్టించారు. ప్రభుత్వ చెయ్యి అందని చోట వీళ్ల చెయ్యి అందింది. అదే సూరత్ జిల్లా, అదే మెహతా సోదరులు పదేళ్ల తర్వాత బార్డోలీలో కనిపిస్తారు. ఊరు వాళ్లను నమ్మడం ఒక్క రోజులో మొదలైంది కాదు.

అప్పట్లో చాలా దేశాల్లో "ఫ్లూ టీకా" అని వేసింది అసలు ఫ్లూ టీకానే కాదు. ఫైఫర్ బాసిల్లస్ అనే బ్యాక్టీరియా ఈ జబ్బుకు కారణమని నమ్మి దాని మీద చేశారు. మనిషిలో ఫ్లూ వైరస్‌ను పట్టుకున్నది 1933లో. అమెరికాలో పౌరులకు టీకా అనుమతి వచ్చింది 1945లో. రెండేళ్లకే, 1947లో, అది పనిచేయలేదు. వైరస్ రూపం మారిపోయింది. సైన్స్ అండ్ టెక్నాలజీలో మనం చదివే "యాంటీజెనిక్ డ్రిఫ్ట్" అంటే ఇదే. ఈ మారే గుణం వల్లే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో ఒక నిఘా వ్యవస్థ పెట్టి, ఇప్పుడు ఏటా రెండు సార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ, ఏ రకాలు టీకాలో ఉండాలో చెప్తుంది. అందుకే ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి. పోలియో చుక్కలకు అలవాటుపడ్డ మనకు ఇది మోసంలా అనిపిస్తుంది. "మందు మంచిదైతే మళ్లీ మళ్లీ ఎందుకు?" అని బాపు అడిగింది ఇదే.

నా రూమ్మేట్ నవ్వుకు జవాబు కూడా ఇక్కడే ఉంది. టీకాలోని రకాలు, ఊళ్లో తిరిగే రకాలు కలిసిన ఏడాదుల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే ప్రమాదాన్ని ఇది 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. కలవని ఏడాది అంతకంటే తక్కువ. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. జలుబు తెచ్చే వేరే వైరస్‌ల మీద దీనికి పని లేదు. సూదితో ఇచ్చేదాంట్లో చచ్చిన వైరస్ ముక్కలే ఉంటాయి కాబట్టి అది ఫ్లూ తేలేదు. నాకు వచ్చిన ఒళ్లు వేడి, ఒంటి రక్షణ వ్యవస్థ మేలుకున్న గుర్తు. ఈ నాలుగు వాక్యాలు ఆ క్లినిక్‌లో ఎవరైనా చెప్పి ఉంటే నేను మూడు వారాలు గింజుకునేదాన్ని కాదు. రెండు వేలు తీసుకున్నారు, రెండు నిమిషాలు ఇవ్వలేదు.

అనుమానానికి నిజమైన ఆధారమూ ఉంది, దాన్ని దాచకూడదు. 1976లో అమెరికాలో ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూ కనిపించగానే 1918 మళ్లీ వస్తోందని భయపడి 4 కోట్ల మందికి పైగా టీకా వేశారు. ఆ మహమ్మారి రానే లేదు. టీకా వేసుకున్నవాళ్లలో మాత్రం గియాన్ బారే అనే నరాల జబ్బు లక్షకు ఒకరికి చొప్పున అదనంగా కనిపించింది. డిసెంబరులో కార్యక్రమం ఆపేశారు. లక్షకు ఒకటి చిన్న సంఖ్యే. కానీ రాని జబ్బుకు తీసుకున్న మందులో ఆ ఒకటి చాలా పెద్దది. మంచి నిర్వాహకుడు ఈ రెండు వాక్యాలనూ కలిపి చెప్పగలగాలి.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా చేదుగా ఉంటుంది. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకాను రెండు జిల్లాల్లో ఆడపిల్లలకు వేశాయి. ఒకటి ఖమ్మం, రెండోది గుజరాత్‌లోని వడోదర, అంటే ఉంధేరా ఉన్న ప్రాంతమే. ఆ కాలంలో ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది. కానీ అదే విచారణలోనూ, 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలోనూ బయటపడ్డది వేరే: ఖమ్మంలో ఎన్నో సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలు లేవు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో వార్డెన్లు సంతకాలు పెట్టారు. చాలామంది గిరిజన పిల్లలు.

టీకా మంచిదే. అనుమతి తీసుకున్న తీరు మంచిది కాదు. భద్రాచలం వైపు ఒక తల్లి ఇవాళ ఏ టీకాకైనా "ముందు చెప్పండి" అంటే ఆమెను మనం నోట్సులో ఏ బులెట్ కింద రాయాలి? 2022 మే 2న జాకబ్ పులియేల్ కేసులో సుప్రీంకోర్టు, శరీరం మీద మనిషికున్న హక్కు 21వ అధికరణంలో భాగమని, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనలేమని చెప్పింది. ప్రభుత్వ టీకా విధానాన్ని తప్పుపట్టలేదు. టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను మామూలు మనుషులూ, ప్రైవేటు డాక్టర్లూ కూడా నమోదు చేసే వేదిక ఉండాలని ఆదేశించింది. మల్కోవాల్‌కూ ఖమ్మానికీ కలిపి వచ్చిన ఆలస్యపు జవాబులా కనిపిస్తుంది నాకది.

ఇప్పుడు ఎస్.ఆర్.రావు. ప్లేగు పోయిన ఎనిమిది నెలలకు వచ్చాడు. ఆయన టీకాలూ వేయలేదు, మందులూ పంచలేదు. నగరాన్ని ఆరు జోన్లు చేసి, కమిషనర్ అధికారాలను జోన్ల అధికారులకు పంచాడు. పొద్దున్నే అధికారులందరూ ఏసీ గదులు వదిలి వీధుల్లో తిరగాలన్నాడు. దానికి "ఏసీ నుంచి డీసీకి" అని పేరు, డీసీ అంటే రోజువారీ పనులు. పెద్దవాళ్లవైనా సరే అక్రమ కట్టడాలు కూల్చాడు. చెత్త రాత్రి కూడా ఎత్తించాడు. మురికివాడల్లో నీళ్లు, మరుగుదొడ్లు, రోడ్లు వేయించాడు. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా చెప్పింది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బాపుకు ఆయన పేరు తెలుసు. "మనోడే, రావు సాబ్. మా గల్లీకి పొద్దుగాల ఆరింటికి ఆఫీసర్లొచ్చెటోళ్లు" అంటాడు. సర్కారు మీద అంత కోపమున్న మనిషి ఒక్క అధికారి గురించి చెప్పేటప్పుడు గొంతు మార్చడం నేను విన్నాను. రోగం లేని రోజున గల్లీకి వచ్చిన చెయ్యి, రోగం వచ్చిన రోజున సూది పట్టుకుంటే జనం చెయ్యి చాపుతారు. నేను ఈ చరిత్రంతా చదివి తేల్చుకున్నది ఇదొక్కటే.

ఫ్లూ విషయంలో మన దేశం ఇంకా ఆ దశకు రాలేదు. 2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడ్డది మన హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో. 2010లో అహ్మదాబాద్ కంపెనీ జైడస్ క్యాడిలా దేశీ టీకా తెచ్చింది. 2015లో దేశంలో దాదాపు 3 వేల మంది ఆ జ్వరంతో చనిపోయారు. రాజస్థాన్, గుజరాత్, మహారాష్ట్ర బాగా దెబ్బతిన్నాయి. అయినా సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. ముసలివాళ్లు, గర్భిణులు, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, వైద్య సిబ్బంది వేయించుకోవాలని సలహా ఉంది, డబ్బు మాత్రం మనదే. మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషికి రెండు వేలంటే సలహా కాదు, ఖర్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎక్కువ ఫ్లూ టీకాలను కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తో చేస్తారు. జైనులూ శాకాహారులూ ఇంతమంది ఉన్న సూరత్‌లో ఇది చిన్న మాట కాదు. గుడ్డు లేకుండా చేసే రకాలు ప్రపంచంలో ఉన్నాయి. అడిగినవాడికి ఆ సంగతి చెప్పాలి, నవ్వకూడదు. కాలం గురించి కూడా. మన దేశంలో చాలా చోట్ల ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర ఇంకోసారి పెరుగుతుంది. అక్టోబరులో వేయించుకోమని అమెరికా వెబ్‌సైట్‌లో చదివి కూర్చుంటే, సూరత్‌లో జూలై దగ్గు అప్పటికే వచ్చి పోతుంది.

ఇదంతా ఓ ఆదివారం సాయంత్రం బాపుకు ఫోన్‌లో చెప్పాను. మల్కోవాల్ కూడా చెప్పాను, దాచలేదు. పటకారు సంగతి విని "మరి ముందే చెప్తే అయిపోవు గదా" అన్నాడు. కాసేపాగి మూడు ప్రశ్నలు అడిగాడు. మందు ఏ నెలది? తీసిన పెట్టె నాకు చూపిస్తరా? ఏమన్న అయితే ఎవలొస్తరు? మొదటి రెండింటికీ చూపించమని అడిగే హక్కు నీకుందన్నాను. మూడోదానికి, అరగంట అక్కడే కూర్చో, తర్వాత ఏదైనా అయితే ఆ డాక్టరే రాసి పైకి పంపాలి, నేను రాత్రి బండెక్కి వస్తాను అన్నాను. చివరి మాట ప్రభుత్వానిది కాదు, నాది. ఆయన దాన్నే పట్టుకున్నట్టున్నాడు.

వచ్చే వారం లింబాయత్‌లో తెలుగు బడి పక్క వీధిలోని ఒక చిన్న క్లినిక్‌కు అమ్మను తోడు తీసుకుని వెళ్లాడు. దగ్గు సంగతి డాక్టరుకు ముందే చెప్పాడు. కంపౌండర్ పెట్టె తెచ్చి తారీఖు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడట. తర్వాత చొక్కా భుజం మీదికి లాక్కుని, "ఎడమ చేతికియ్యి, కుడి చేత్తో పోగు అతకాలె" అన్నాడని అమ్మ చెప్పింది.